నాయాబ్‌కి రాసిచ్చిన మెహర్

కరాచీ నాజిమాబాద్ మూడో నంబరులో నీళ్ల ట్యాంకరు వచ్చిన రోజున సఫూరా ఖాతూన్ ఇంటి బకెట్లు నింపేది నాయాబ్. ఆమెకు ఇరవై రెండేళ్లు. ముప్పై అయిదేళ్లుగా ఇరవై రెండే.

సఫూరా అప్పట్లో ఆడపిల్లల బడిలో పంతులమ్మ. ఆడవాళ్ల మాసపత్రికలో నవల రాసేది. నాలుగో భాగం రాస్తున్న ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. వచ్చేసరికి నవల్లో అమ్మాయి వంటింట్లో కుండలోంచి నీళ్లు ముంచుకుని తాగుతోంది. ఆ రోజు నుంచి సఫూరా రెండు రొట్టెలు ఎక్కువ చేసింది. గల్లీవాళ్లు పెళ్లి పిలుపుల మీద ఇద్దరి పేర్లూ రాసేవారు. జనాభా లెక్కలాయన మాత్రం నాయాబ్ పేరు పెన్సిలుతో రాసుకుని వెళ్లాడు.

ఆడది అచ్చులో పేరు వేసుకుంటే పరువు పోతుందనుకునే ఇల్లు సఫూరాది. నవల ‘ఒక సోదరి’ పేరుతో వచ్చింది. అందులో హంజా అనే రచయిత, తన మాటకు ఎదురు చెప్పిందని, నాయాబ్‌ను నలుగురి ముందు చెంపమీద కొడతాడు. ఆమె తిరిగి కొట్టి, బస్సెక్కి వెళ్లిపోతుంది. తిరిగి కొట్టిన వాక్యాన్ని సంపాదకుడు తీసేశాడు. మన పత్రికలో ఆడపిల్లలు మగాడి మీద చెయ్యెత్తరని ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరాన్ని సఫూరా ఖురాన్ పెట్టుకునే అర కింద, మందుల చీటీలతో పాటు దాచింది.

కిందటేడు టీవీ నటుడు షహ్రోజ్ ఖానానీ వాళ్లింటికి మూడుసార్లు వచ్చాడు. మూడుసార్లూ నాయాబే టీ తెచ్చింది. ఆమె ముఖం వంక అతను చూడలేదు. “ఖాలాజాన్, మా అమ్మ మీ నవల చదివి ఏడ్చేది. తెరమీద మొదటి పేరు మీదే,” అని చెప్పి, పత్రికలో వచ్చిన భాగాలు కుట్టించి దాచుకున్న ఒక్క ప్రతినీ పట్టుకెళ్లాడు. నగరంలో సీరియల్ గోడపత్రికలు వెలిసినప్పుడు వాటిమీద రచన, నటన రెండూ షహ్రోజ్ ఖానానీయే. హంజా పేరు కూడా పోయింది. సీరియల్లో హీరో పేరు షహ్రోజ్. అభిమానులకు అదే ఇష్టమని పత్రికలవాళ్లకు చెప్పాడు.

సఫూరా ఛానెల్ ఆఫీసుకు వెళ్లింది. పత్రికలో మీ పేరెక్కడుంది బీబీ అని అడిగారు. టీ ఇచ్చి పంపించారు.

తొమ్మిదో భాగంలో చెంపదెబ్బ వచ్చింది. దాన్ని జనం ఫోన్లలో పంచుకున్నారు, ప్రేమంటే అంత ఉండాలన్నారు. ఆ సమయానికి నాయాబ్ బఠాణీలు ఒలుస్తోంది. ఆమె ఎడమ చెంపమీద అయిదు వేళ్లూ తేలాయి. మర్నాటి నుంచి ఆ దృశ్యం రోజూ మధ్యాహ్నం రెండింటికి పునఃప్రసారం. ప్రతిసారీ తేలాయి. పక్కింటి రుఖ్సానా మంచుముక్క గుడ్డలో చుట్టి తెచ్చింది. రెండింటికల్లా ఎవరూ అడగకుండానే తేవడం ఆమెకు అలవాటైంది.

సీరియల్లో నాయాబ్ బస్సెక్కదని, పశ్చాత్తాపపడ్డ షహ్రోజ్‌ను నిఖా చేసుకుంటుందని పత్రికల్లో వచ్చింది.

“ఆపా, ఆ భాగం వచ్చేస్తే నేను వాడింట్లో తేలతాను. అక్కణ్ణించి బస్సు ఉండదు,” అంది నాయాబ్.

సఫూరా కళ్లద్దాలు తుడుచుకుంది. “నువ్వు వాడింట్లో తేలవు. ఆ నిఖా తీసే చోటికే మనం వెళదాం.”

సీరియల్‌కు బట్టలు కుట్టేది వాళ్ల గల్లీ దర్జీ నిస్తారే. హీరోయిన్‌కు డెంగీ జ్వరమొచ్చిందని, నిఖా దృశ్యంలో ముసుగు ఉంటుంది గనుక ఆ ఎత్తున్న పిల్లెవరైనా చాలన్నారని అతనే చెప్పాడు. ఎర్ర పెళ్లిబట్టలు నాయాబ్‌కు తొడిగి చూశాడు. ఒక్క కుట్టు విప్పాల్సిన పని పడలేదు. ఆ కొలతలు నవల్లో ఉన్నవే. సఫూరాను పెళ్లికొచ్చిన ఆడవాళ్లలో కూర్చోబెట్టడానికి కూడా మాట్లాడి వచ్చాడు.

టీవీ నిఖాలన్నిటికీ వచ్చేది ఖాజీ బర్కతుల్లాయే. నిజం ఖాజీ కావడంతో ఆయనకు ఒక పట్టుదల ఉంది. నిఖా మాటలు ఆటకి పలికినా అంటుకుంటాయని ఆయన నమ్మకం. అందుకని వధూవరులిద్దరికీ లేనివాళ్ల పేర్లే పెట్టించేవాడు. ఆ రోజు కాగితం చూసి పెన్ను మూసేశాడు.

“పిల్లాడిది నిజం పేరే. మార్చండి.”

షహ్రోజ్ నవ్వాడు. “పిల్ల పేరు చూడండి మౌలానా. కాగితం మీది పిల్ల. అలాంటిది ఈ లోకంలోనే లేదు. గాలితో నిఖా ఎలా అంటుకుంటుంది?”

“లేదని మీది పూచీనా?”

“నాది పూచీ. రాసినవాణ్ణి నేనే కదా.”

ఖాజీ పెన్ను తెరిచాడు.

కెమెరా తిరిగింది. ఆచారం ప్రకారం వధువు తరఫు పెద్ద, ఇద్దరు సాక్షులు ఆడవాళ్ల గదిలోకి వెళ్లారు. సాక్షులంటే లైట్లు పట్టేవాడూ, మేకప్ వేసే షబ్బీరూ. నీకు సమ్మతమేనా అని మూడుసార్లు అడిగారు. మూడుసార్లూ అవునంది. ఎవరి కూతురివని అడిగారు. నవల్లో సఫూరా ఆమెకు తండ్రి పేరు పెట్టలేదు.

“సఫూరా ఖాతూన్ కూతుర్ని,” అంది. అన్నేళ్లుగా ఆపా, అంటే అక్కా, అని పిలిచిన నోటితోనే.

ఆడవాళ్ల మధ్య కూర్చున్న సఫూరా దుపట్టా అంచు నోట్లో కుక్కుకుంది.

హాల్లో షహ్రోజ్ కెమెరా వైపు ఓరగా చూస్తూ, వధువుకు వరుడు ఇవ్వాల్సిన మెహర్ చెప్పాడు. “ఈ చేత్తో ఇంతవరకూ రాసిందంతా ఆమెకు.” నిఖా కాగితంలో, విడాకుల హక్కు భార్యకు ఇస్తున్నారా అన్న పద్దెనిమిదో గడిని ఖాజీలు అలవాటుగా గీత పెట్టి వదిలేస్తారు. షహ్రోజ్ పెన్ను లాక్కుని అందులో ‘ఇచ్చాను’ అని రాశాడు. మనసు మారిన హీరో అలా చేస్తే ఆడవాళ్లు ఏడుస్తారని అతనికి తెలుసు. మూడుసార్లు ఖుబూల్ అన్నాడు. ఖర్జూరాలు చల్లారు.

వధువును తెచ్చారు. ఆమె తనే ముసుగెత్తింది. టీ తెచ్చిన పిల్లను గుర్తుపట్టడానికి షహ్రోజ్‌కు కొంత సమయం పట్టింది.

“ఎవరీ అమ్మాయి?”

ఖాజీ పుస్తకంలో చూసి చదివాడు. “నాయాబ్. సఫూరా ఖాతూన్ కుమార్తె. నాజిమాబాద్. ఇలాంటి పిల్ల లేదని పూచీ పడ్డారు మీరు.”

“ఇది నాటకం మౌలానా.”

“నాటకం మీది. పిల్లది కాదు, నాదీ కాదు. సాక్షులిద్దరూ ఉన్నారు.”

లైట్లవాడు నేల చూశాడు. షబ్బీర్ తల ఊపాడు.

సఫూరా లేచి వచ్చింది. క్లాసులో లెక్క చెప్పినంత నెమ్మదిగా మాట్లాడింది. “నాయనా, రాసిందంతా మెహర్ ఇచ్చావు. ఈ సీరియల్ రాసింది నువ్వే అయితే ఇది ఇప్పుడు నా కూతురిది. నువ్వు కాకపోతే ఎవరు రాశారో నువ్వే చెప్పు. ఏదైనా నాకు ఒకటే.”

షహ్రోజ్ అటూ ఇటూ చూశాడు. ముప్పై మంది ఉన్నారు. ఎవరూ కట్ అనలేదు. రాసిందంతా మెహర్ కింద వదులుకోవడమా, దొంగనని ఒప్పుకోవడమా అని అతను ఆలోచిస్తున్నంతసేపూ కెమెరా అతని ముఖం మీదే ఉంది.

“నేను రాయలేదు. ఈవిడే రాసింది,” అన్నాడు చివరికి. “తీసుకోండి. నన్ను వదిలేయండి.”

“వదిలేస్తుంది. కాగితంలో ఆ హక్కు కూడా నువ్వే రాశావు,” అంది సఫూరా. తర్వాత నాయాబ్ వైపు తిరిగి, ముప్పై అయిదేళ్ల కిందట పత్రికవాళ్లు తీసేసిన వాక్యాన్ని గట్టిగా, తప్పు లేకుండా చదివింది.

“నాయాబ్ అతని చెంపమీద, అదే బలంతో, ఒక్కటి కొట్టింది.”

నాయాబ్ ఒక్కటే కొట్టింది. పద్దెనిమిదో గడి హక్కుతో విడాకుల మాట పలికింది. ఎర్ర పెళ్లిబట్టలతోనే రోడ్డు మీదికెళ్లి, సదర్ వైపు పోయే బస్సెక్కింది. వెనక్కి చూడలేదు. నవల్లోనూ చూడదు.

కెమెరా పట్టిందంతా ఆఖరి భాగంగా వచ్చింది. రచన: సఫూరా ఖాతూన్ అని మొదటే వేశారు. షహ్రోజ్ ఆపమని ఉత్తరం పెట్టాడు. రాసినవారి అనుమతి ఉందని ఛానెల్ జవాబిచ్చింది.

ఇప్పుడు ఆ ఆఖరి భాగాన్ని జనం కోరిక మీద రోజూ మధ్యాహ్నం రెండింటికి వేస్తున్నారు. రుఖ్సానా మంచుముక్క తేవడం మానేసింది. వేషాల కోసం తిరుగుతున్న షహ్రోజ్ పగటి పనులు ఒప్పుకోవడం లేదని చెప్పుకుంటారు. ఒప్పుకున్న రోజున షబ్బీర్ గడియారం చూసుకుంటూ ఉంటాడు. రెండు కాగానే పౌడరు డబ్బా తీసుకుని అతని ఎడమ చెంప దగ్గరికి వెళతాడు. అయిదు వేళ్లూ ఒక్కొక్కటే పైకి తేలతాయి. ఎంత పూసినా ఉంగరపు వేలు మాత్రం దాగదు.