కొబ్బరినీళ్లు పోసిన పియానో

పియానో హైదరాబాద్ నుంచి వ్యాన్‌లో వచ్చింది. అద్దెది. శ్రుతి చేసే మనిషి పని ముగించుకుని పొద్దున్నే వెళ్లిపోయాడు. సుభాషిణి కాసేపు వాయించి చూసుకుని, మధ్యాహ్నం భోజనానికి కొత్తవాడలోని అన్న ఇంటికి వెళ్లింది. తిరిగి కచేరీ హాలుకు వచ్చేసరికి పియానోకు పూజ అయిపోయింది.

వేళ్లతో నొక్కే పియానో మెట్ల మీద పసుపు, కుంకుమ బొట్లు ఉన్నాయి. చక్రాల కింద నిమ్మకాయలు నలిగి ఉన్నాయి. మూత మీద బంతిపూల దండ, పక్కన రెండు కొబ్బరి చిప్పలు. ఆమె నడిమి మెట్టు ఒకటి నొక్కింది. అది కిందికి పోయి పైకి రాలేదు. పక్కది నొక్కింది. అదీ రాలేదు. వేళ్లకు జిగట అంటింది.

“ఎవలు చేసిన్రు ఇది?”

“నేనే చెల్లె,” అన్నాడు అన్న రాంప్రసాద్. ఏర్పాట్లు చూస్తానని అన్నం తినగానే అతను ఆమె కంటే ముందు వచ్చింది ఇందుకే. “కొత్త మగ్గం వస్తె చెయ్యమా? నీకు దిష్టి తగలద్దని.”

“నీళ్లు మెట్ల మీదనే పోసినవా?”

“మోగేది గీడనే గద. మన పవర్‌లూమ్‌లకు ఏండ్ల సంది పోస్తాన. ఒక్కటన్న ఆగిందా?”

సుభాషిణి చెన్నైలో చదివి వియన్నాలో శిక్షణ పొందింది. ఇరవై ఏళ్లుగా యూరప్‌లో, ముంబైలో కచేరీలు చేస్తోంది. సొంత ఊరు వరంగల్‌లో ఒక్కసారీ వాయించలేదు. ఇక్కడి ఈ సన్మాన కచేరీకి ఆమె ఒప్పుకున్నది దేవదాస్ కోసం. ఆయన బడిలో సంగీతం చెప్పిన మాస్టారు. చర్చిలోని పాత పియానో మీద ఆమెకు మొదటి పాఠం నేర్పింది ఆయనే. ఇప్పుడు తొర్రూరులో కూతురి దగ్గర ఉంటున్నాడు. ఒక చెవి పోయింది. రెండోది కూడా ఎక్కువ కాలం పనిచేయదని దవాఖానలో చెప్పారు. శిష్యురాలి కచేరీ ఆయన ఎప్పుడూ వినలేదు. ఒక్కసారి వినాలని కబురు పంపాడు.

సభ పెట్టింది కాంట్రాక్టరు రాజమౌళి. వచ్చే ఎన్నికల్లో కార్పొరేటర్ టికెట్ కోసం చూస్తున్నాడు. సుభాషిణి ఆయనను పిలిచి మెట్లు చూపించింది.

“ఫికర్ చెయ్యకుండ్రి మేడమ్,” అన్నాడు రాజమౌళి. “మీ వీడియో యూట్యూబ్‌ల ఉంది. సౌండ్ బాక్సుల పెడ్తం. మీరు ఊకె చేతులు ఆడియ్యిండ్రి. ఈడ ఎవలకు తెలుస్తది?”

“దేవదాస్ సార్‌కు తెలుస్తది.”

“ఆ పెద్దమనిషికి చెవులే వినవడయి గద మేడమ్!”

వెనక ఉన్నవాళ్లు నవ్వారు. ఒకడు నవ్వుతూనే తెర మూలకు గుట్కా ఉమ్మాడు.

“చేతులు ఆడియ్య. ఏం జరిగిందో మైకుల నేనే చెప్త.”

“చెప్పుండ్రి మేడమ్, మీ ఇష్టం.”

సభ మొదలైంది. దేవదాస్‌ను మొదటి వరుసలో కూర్చోబెట్టారు. నాయకులు రాగానే రెండో వరుసకు, వాళ్ల వెంట వచ్చినవాళ్ల కోసం నాలుగో వరుసకు పంపారు. ఒక వక్త పియానోను పెద్ద హార్మోనియం అన్నాడు. ఇంకొకాయన సినిమాలలో ఎప్పుడు వాయిస్తారని అడిగి, జవాబు వినకుండా రాజమౌళి వేయించిన సీసీ రోడ్ల గురించి మాట్లాడాడు. జ్ఞాపికలు, నీళ్ల సీసాలు పియానో మూత మీద పెట్టారు. సుభాషిణికి శాలువాలు కప్పారు. కప్పినవాళ్లు ఆమె వైపు కాకుండా కెమెరా వైపు చూశారు.

చివరికి ఆమెను పియానో ముందు కూర్చోబెట్టారు. మైకు కోసం చెయ్యి చాచింది. మైకు రాలేదు. సౌండ్ బాక్సుల్లోంచి ఆమె పాత కచేరీ మొదలైంది.

సుభాషిణి చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చుంది. జనం ఫోన్లు ఎత్తి వీడియో తీశారు. “సూపర్ మేడమ్!” అని ఎవరో అరిచారు. చప్పట్లు కొట్టారు. చేతులు కదలడం లేదని ఒక్కరూ అనలేదు.

నాలుగో వరుసలోంచి దేవదాస్ లేచాడు. కర్ర పట్టుకుని స్టేజీ ఎక్కాడు. ఎవరో ఆపబోతే చెయ్యి విదిలించుకున్నాడు. పియానో పక్కన నిలబడి అరచెయ్యి చెక్కకు ఆనించాడు.

“చెక్క వణుకుతలేదు బిడ్డా. ఎవలు వాయిస్తాన్రు?”

“ఎవలు లేరు సార్.”

ఆమె లేచి సౌండ్ బాక్సుల వైరు పీకింది. సీసాలు, జ్ఞాపికలు తీసి కింద పెట్టింది. భుజం మీది శాలువాతో మెట్లు తుడిచింది. మగ్గాల ఊరిలో కప్పిన శాలువా అది, సూరత్ పాలిస్టర్. నీళ్లను పీల్చకుండా పక్కకు తోసింది. శాలువాను నేల మీద పడేసింది. దేవదాస్ తన భుజం మీది నూలు తువ్వాల ఇచ్చాడు. తడి పోయింది కానీ నడిమి మెట్లు లేవలేదు.

“ఫ్యాను పెడ్తె ఆరదా చెల్లె?” అన్నాడు రాంప్రసాద్.

“అయితే భోజనాలు తయారున్నయి, అందరు రావాలె,” అని రాజమౌళి గట్టిగా అరిచి చెప్పాడు. కుర్చీలు ఈడ్చిన చప్పుడు మొదలైంది. ఆయన శాలువాను తొక్కుకుంటూ వచ్చి, “మేడమ్, తినేముందు ఒక్క ఫొటో,” అన్నాడు.

“స్టేజీ దిగు,” అంది సుభాషిణి.

ఆయన దిగాడు.

ఆమె కుర్చీని కుడివైపు జరుపుకుంది. నీళ్లు అటు చివరి దాకా పోలేదు. ఆ పై మెట్ల మీద కచేరీ వాయించడం కుదరదు. చర్చిలో నేర్చుకున్న మొదటి పాఠానికి అవి చాలు. దేవదాస్ వంగి, వినపడే చెవిని పియానో చెక్కకు ఆనించాడు. ఆమె వాయించింది. బయట పళ్లేల చప్పుడు, పులావ్ కోసం తోసుకునేవాళ్ల అరుపులు లోపలికి వస్తూనే ఉన్నాయి. పాఠం చిన్నది. అయిపోయింది.

దేవదాస్ తల ఎత్తలేదు.

“నాలుగో వేలు తొందరపడ్తాంది,” అన్నాడు. “మళ్ల వాయించు.”

ఆమె మళ్లీ మొదలుపెట్టింది.