అరువు శ్రుతి

దర్జీ మాస్టారికి పాట వచ్చు, మూడు భాషల్లో చరణాలు కంఠతా వచ్చు. రానిదల్లా ఒక్కటే, పాటని ఏ శ్రుతిలో ఎత్తుకోవాలో. హార్మోనియం ముందుంటే ఆ లోటు ఎవరి కంటా పడదు. కానీ ఈస్టరుకి ముందొచ్చే తపస్సుకాలం నలభై రోజులూ ఆ గుడిలో వాయిద్యం ముట్టరు. ఆ రోజులు మొదలయ్యే బూడిద బుధవారం నాడు హార్మోనియానికి ఊదారంగు గుడ్డ కప్పారంటే మళ్ళీ ఈస్టరుకే తీయడం.

గుడి అంటే పెద్దగా ఊహించుకోనక్కర్లేదు. మూతపడిన ఐసు ఫ్యాక్టరీలో ఒక హాలు. ఫాదర్ నెలకొకసారి వస్తే గొప్ప. శుక్రవారం సాయంత్రం సిలువ మార్గం వాళ్ళకి వాళ్ళే నడుపుకుంటారు. రేవులో మూటలు మోసేవాళ్ళు, లాండ్రీలో పనిచేసే ఆడవాళ్ళు, ఇళ్ళలో అంట్లు తోమేవాళ్ళు, అందరూ కలిపి మూడు భాషలవాళ్ళు. గోడలకి క్రీస్తు సిలువ మోసిన దారి చూపే పద్నాలుగు పటాలు. పటం పటానికీ మోకరించి, ఒక్కో చరణం ఒక్కో భాషలో పాడుకుంటూ వెళతారు. తమ చరణం వచ్చినప్పుడు గొంతు చించుకోవడం ప్రతి భాషవాళ్ళకీ అలవాటే.

మాస్టారి వెనక ఇస్త్రీ అక్క నిలబడేది. లాండ్రీలో ఆస్పత్రి దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. ఆమె భాష వేరు, మాట్లాడేదే తక్కువ. పటం మారినప్పుడల్లా పెదవి కదపకుండా సన్నగా 'మ్' అనేది. ఆ 'మ్' పట్టుకుని మాస్టారు పాట ఎత్తేవాడు. ఆరేళ్ళుగా ఇదే వరస. దీని గురించి వాళ్ళిద్దరూ ఒక్కనాడూ మాట్లాడుకోలేదు.

పోయినేడు ఫాదర్ మెచ్చుకుంటూ, హార్మోనియం లేకుండా ఇంత సరిగ్గా ఎలా ఎత్తుకుంటారని అడిగాడు. "అలవాటండి" అన్నాడు మాస్టారు. రెండడుగుల దూరంలో ఇస్త్రీ అక్క పాటల పుస్తకాలు ఏరుతోంది. విననట్టే ఏరుకుంటూ పోయింది. ఆ రాత్రి మాస్టారికి అన్నం సయించలేదు. అది మంచి సిగ్గే. అయితే దాన్ని అలాగే ఉంచుకోకుండా నెమ్మదిగా ఆమె మీద కోపంగా మార్చుకున్నాడు. ఆమె తన వెనక నిలబడితే వీపు మీద ఎవరో వేలు పెట్టినట్టుండేది.

ఈ ఏడు ఐదో శుక్రవారం బిషప్పుగారు పనివేళలోనే, నాలుగింటికే వస్తున్నారని కబురొచ్చింది. ఆయన మనసు కరిగితే ఈ హాలుకి సొంతంగా ఒక ఫాదర్‌ని ఇస్తారట. చావుకీ పెళ్ళికీ ఎవరినో బతిమాలుకునే జనం కాబట్టి అందరి ఆశా ఆ పూట మీదే పడింది. పాట బాగుండాలి మాస్టారూ అని దారిలో కనిపించిన ప్రతివాళ్ళూ చెప్పారు.

ఆ వారమే లాండ్రీ మేనేజరు కోటు కొలతకి దుకాణానికి వచ్చాడు. మాస్టారు పళ్ళ మధ్య గుండుసూదులు పెట్టుకుని భుజం సరిచేస్తుండగా, మీ ప్రార్థనకి మా ఆడవాళ్ళలో ఎవరెవరు కావాలో చీటీ రాసివ్వు, ఆ పూట వదిలేస్తాను, చీటీలో లేనివాళ్ళు మాత్రం పనిలో ఉండాల్సిందే అన్నాడు. మాస్టారు సూదులు తీసి పక్కన పెట్టాడు. నాలుగు పేర్లు రాశాడు. ఐదోది రాయలేదు.

ఇస్త్రీ బల్ల ఖాళీ అయితే పాపం మేనేజరుకి ఇబ్బంది అని సర్దిచెప్పుకున్నాడు. అసలు సంగతి ఆయనకి తెలుసు. ఒక్కరోజు, ఆ ఒక్కరోజు, వెనక ఆమె లేకుండా నిలబడాలనుకున్నాడు.

శుక్రవారం హాలు కిక్కిరిసింది. బిషప్పుగారు చాప కూడా వద్దని ఉత్త గచ్చు మీద మోకరించారు. మొదటి పటం. మాస్టారు ఊపిరి పీల్చి ఎత్తుకున్నాడు. మొదటి మాటకే తెలిసిపోయింది, చాలా పైకి వెళ్ళింది. రేవువాళ్ళ మెడనరాలు ఉబ్బాయి. ఆడవాళ్ళు ఒక్కొక్కరే ఆగిపోయారు. మూడో పాదానికి మాస్టారి గొంతొక్కటే మిగిలి, అదీ చీలి, పాట మధ్యలోనే చచ్చింది. ఎవరూ నవ్వలేదు. బిషప్పుగారు తల వంచుకుని ఎదురుచూశారు. మాస్టారికి తల కొట్టేసినట్టయింది.

రెండో పటం దగ్గర ఎత్తుకోకుండా నిలబడి ఉంటే, వెనకనుంచి 'మ్' అని వినిపించింది. ఇస్త్రీ అక్క గొంతు కాదు. తిరిగి చూస్తే లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే పిన్ని. ఆ శ్రుతి పట్టుకుని పాడాడు. పాట దారిన పడింది. పద్నాలుగో పటం వచ్చేసరికి మూడు భాషలూ ఒక్క గొంతయ్యాయి, ముసలివాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు.

బిషప్పుగారు మాస్టారి చేతులు పట్టుకుని, మొదట్లో కంగారుపడ్డారు గానీ తర్వాత భలే అందుకున్నారే, ఆ శ్రుతి ఎవరిచ్చారని అడిగారు. పిన్ని నోరు తెరవబోయింది.

"అంతా దేవుని దయండి" అన్నాడు మాస్టారు.

ఎంత వినయమని ఆయన మురిసిపోయారు. పిన్ని నోరు మూసుకుంది.

జనం వెళ్ళాక ఆమె దగ్గరికొచ్చింది. "మధ్యాహ్నం నుంచీ అక్క నాచేత ఆ 'మ్' అనిపిస్తూనే ఉంది మాస్టారూ. మర్చిపోతావు, దార్లో ఎవరితోనూ మాట్లాడకంది. మూడు వీధులూ మూలుగుతూనే వచ్చా. చూసినవాళ్ళు కడుపునొప్పేమో అనుకునుంటారు. మొదటి పటం దగ్గరే ఇద్దామంటే, మీరు వెనక్కి చూడకుండా ఎత్తేసుకున్నారు."

మాస్టారు చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా లాండ్రీకి నడిచాడు. ఇంకా వెలుతురు ఉంది. కిటికీల నిండా ఆవిరి. ఇస్త్రీ అక్క దుప్పటి కొస పట్టుకుని పెట్టె నడుపుతోంది. ఆయన్ని చూసి పెట్టె నిలబెట్టింది.

"పాట నిలబడిందా?" అని అడిగింది.

"నిలబడింది." ఒక అడుగు ముందుకేసి మళ్ళీ అన్నాడు. "చీటీలో నీ పేరు నేనే రాయలేదక్కా. మర్చిపోయి కాదు."

"తెలుసు. ఆ చీటీ గోడకి నాచేతే అంటించారు."

మరి తెలిసి కూడా శ్రుతి ఎందుకు పంపావని మాస్టారు ఎలాగో అడిగాడు.

ఆమె పెట్టె మీద తడివేలు ఆనించి వేడి చూసుకుంది. "వాళ్ళకి ఫాదర్ కావాలిగా" అంది. కోపంగా అనలేదు. "మీ ఒక్కరి కోసమైతే పంపేదాన్ని కాదు మాస్టారూ."

ఆయన తల ఊపాడు. బిషప్పుగారితో ఏమన్నాడో కూడా చెప్పాలనుకున్నాడు. ముఖం చెల్లలేదు. ఆమె దుప్పటి తిరగేసి, రెండో కొస కాస్త పట్టుకోమన్నట్టు ఆయన వైపు జరిపింది. మాస్టారు రెండు చేతులా పట్టుకున్నాడు.