ఒంటిగంట గడి

ఒంటిగంటకి టీచరమ్మ ముక్కుపైపులో పాలు పోయాలి. ఈ వృద్ధుల హోములో ఆయాగా నాలుగేళ్ళుగా నా పని ఇదే. మంచం తలవైపు ఎత్తి, పైపు మీద నల్లగీత కోసం చూశాను. ముక్కు అంచున ఉండాల్సిన గీత నాలుగు వేళ్ళు బయటికి వచ్చేసింది. ఆమె ఆగకుండా దగ్గుతోంది. పక్షవాతంతో మాట పోయింది, మింగడం పోయింది, చూపు మాత్రం పోలేదు. ఆ చూపంతా నా మీదే ఉంది. పైపు కొన ఇంకా కడుపులోనే ఉందో లేదో నాకెలా తెలుస్తుంది? ఇప్పుడు పోస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి దిగి మనిషి దక్కకపోవచ్చు.

ఏ గంటకి ఏం ఇచ్చామో రాసే కాగితం తీశాను. ఒంటిగంట గడిలో 'పాలు ఇచ్చాం, ఇబ్బంది లేదు' అని అప్పుడే రాసేసి ఉంది. కింద నా సంతకం, నేను పెట్టనిది.

"తనిఖీవాళ్ళొస్తున్నారని అందరివీ ముందే రాసేశా," అంది సూపర్వైజరు గుమ్మంలోంచి. "ఆ పైపు కాస్త లోపలికి తోసి పోసెయ్. రోజూ చేసే పనేగా!"

ఇంట్లోనూ ఇదే పాట. 'పైపులో పోసి రావడమేగా, అదీ ఒక ఉద్యోగమేనా?' అంటారు మా ఆయన. 'బయటివాళ్ళకి గంట కొట్టినట్టు పెడతావు, మాకు మాత్రం చల్లారిన కూర,' అంటుంది అత్తగారు. తెల్లారకుండా లేచి వండిన కూర అది. మొన్న అమ్మాయిని బడి మాన్పించే కాగితం మీద నా సంతకం కూడా ఆయనే గీకేశారు. అదేమిటని అడిగితే 'నువ్వు పెడితే ఏంటి, నేను పెడితే ఏంటి?' అని నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

సిరంజి ట్రేలో పెట్టేశాను.

"తొయ్యను మేడమ్. డాక్టరు చూసేదాకా చుక్క కూడా పొయ్యను. ఫోన్ చెయ్యండి."

"రేపట్నించి రానక్కర్లేదంటే ఏం చేస్తావ్?"

భయమేసింది. అయినా గడిలో రాసింది అడ్డంగా కొట్టేసి, 'పైపు జారింది, పాలు ఇవ్వలేదు' అని రాసి సంతకం పెట్టాను.

"ఎవర్నడిగి కొట్టేశావ్?"

"మీరు ఎవర్నడిగి పెట్టారు మేడమ్? ఆ సంతకం నాది."

తనిఖీవాళ్ళు చూడబోయే ఆ కాగితాన్నీ నన్నూ ఆమె కొరకొరా చూసి, డాక్టరుకి ఫోన్ కలిపింది. నేను టీచరమ్మ వీపు నిమురుతూ కూర్చున్నాను.

అంతలో నా ఫోన్ మోగింది. ఆయనే.

"అమ్మాయి బడి కాగితం ఎక్కడ పెట్టావ్? రేపు ఇచ్చేసి రావాలి."

"బీరువాలో ఉంది. నేనొచ్చేదాకా ముట్టుకోకండి," అన్నాను. "దాంట్లో నా సంతకం కొట్టెయ్యాలి."