మూడో రోజు నీళ్ళు

పొద్దున్నే మంచుకొండ ఎక్కేవాళ్ళ సామాన్ల కొట్టు తలుపు తీయగానే సోల్‌రూన్ చేసే మొదటి పని, వరసగా పెట్టిన బూట్లన్నిట్లో చెయ్యి పెట్టి చూడటం. హెల్మెట్లు తుడవడం, నడుంపట్టీలు లాగి చూడటం, బూట్ల అడుగున కట్టే ఇనుప ముళ్ళకు సాన పెట్టడం ఆ తర్వాతే. ఎవరి బూటులో మంచునీళ్ళు ఊరితే వాళ్ళు ఆ రోజు హిమానీనదం ఎక్కరు. టూరిస్టులు కూడా వేలు ముంచి చూసుకుని, కిక్కురుమనకుండా బస్సెక్కి వెళ్ళిపోతారు.

ఒక రోజు వస్తే వచ్చాయి. రెండో రోజూ వస్తే ఇల్లు కదలకూడదు. మూడో రోజు కూడా వచ్చాయంటే ఇంక ఎక్కడ దాక్కున్నా లాభం లేదు, ఆ నీళ్ళు వట్టి చేతులతో పోవు. సోల్‌రూన్ వాళ్ళ నాన్న అలాగే మూడో రోజున గొర్రెల దొడ్లో, ఎర్రటి ఎండలో, స్టూలు మీద కూర్చుని మునిగిపోయాడు.

"నీళ్ళకి మనిషితో పనిలేదే, కాలు సరిపోతే చాలు," అని అప్పుడు ఏడ్చింది వాళ్ళమ్మ. "ఆయన బూట్లు నాకు వదులైపోయాయి. లేకపోతే నేనే తొడుక్కునేదాన్ని."

ఇవాళ తమ్ముడు ఏవిందుర్ బూట్లలో మూడో రోజు నీళ్ళు. వాడి కూతురు ఇంకా బోర్లా పడటం కూడా నేర్వలేదు.

ఏవిందుర్ వచ్చాడు. మొహంలో నెత్తుటి చుక్క లేదు. "చూశావా అక్కా?"

"చూశా. పొడిగా ఉన్నాయి."

వాడు చెయ్యి పెట్టబోతే బూట్లు లాక్కుంది. "అడుగు ఊడింది, అంటించాలి. ఈ పూటకి నావి వేసుకుపో."

వాడు ఆమె బూట్లు తడిమి చూశాడు. చుక్క లేదు. అప్పుడు నవ్వొచ్చింది వెధవకి. "ఊళ్ళో మగాళ్ళకి కూడా లేవు ఇంతేసి పాదాలు. అందుకే నిన్నెవడూ చేసుకోలేదు."

"చాల్లే, వాగింది చాలు. లేసులు బిగించుకో."

పదిమంది టూరిస్టులకీ ముళ్ళు తనే కట్టింది, ఒక్కో పట్టీ రెండుసార్లు లాగి చూసింది. తమ్ముడి హెల్మెట్ కూడా తనే బిగించింది. వాడు చిన్నపిల్లాణ్ణా అని విసుక్కుంటూ తాడు భుజాన వేసుకుని అందరినీ నడిపించుకుపోయాడు.

సోల్‌రూన్ తలుపు మూసింది. నీళ్ళు ఒంపకుండానే రెండు కాళ్ళూ తమ్ముడి బూట్లలో పెట్టింది. సరిగ్గా సరిపోయాయి. భయమేసింది, వెయ్యకేం చేస్తుంది? బల్ల అంచు పట్టుకుని కూర్చుంది.

మధ్యాహ్నానికి చలి మోకాళ్ళు దాటింది. నేల మీద మాత్రం తడి లేదు. కాసేపటికి కాళ్ళు ఉన్నాయో లేవో తెలియలేదు.

నాలుగింటికి, కనబడని నీళ్ళు మెడ దాకా వచ్చాక, వైర్‌లెస్ సెట్టు గురగుర్లాడింది. "అక్కా, దిగిపోయాం! పదకొండు మందిమీ క్షేమం. నీ దగ్గరికే వస్తున్నా."

"ఇటొద్దురా. ముందు ఇంటికెళ్ళి పాపని ఎత్తుకో," అంది సోల్‌రూన్. ఆ మాట మామూలుగా పలకడానికి ఆమె గడ్డం బాగా పైకెత్తి పట్టుకోవలసి వచ్చింది.