మైకు వైరుకు వేరే పైపు

తిరుపతిలో మూడు అంగళ్ళు తిరిగినా నందినికి కావలసిన వైరు దొరకలేదు. నాలుగో అంగట్లో యజమాని రఘునాథ్ స్పీకరు వైరు చుట్ట ఒకటి బల్ల మీదికి తోశాడు.

"ఇది కాదన్నా. లోపల రెండు తీగలు మెలేసి, పైన రేకు చుట్టి ఉండాల. గోడలో పెట్టే మైకు వైరు."

"గోడలో పెట్టినాక ఎవురు సూస్తారు పాపా? పెండ్లిండ్లకంతా ఇదే తీసకపోతారు."

"పెండ్లిలో గుయ్యిమన్నా ఎవురికీ వినపడదులేన్నా. నా పనిలో అదే వినపడతాది."

పుస్తకాలు చదివి రికార్డు చేసి పంపడం ఆమె పని. అద్దె గదిలో చదివిన పుస్తకాన్ని, వెనక సన్నటి మోత ఉందని కంపెనీవాళ్ళు రెండుసార్లు తిప్పి పంపారు. మళ్ళీ అలా వస్తే ఇక పని ఇచ్చేది లేదన్నారు. అందుకే చంద్రగిరిలో నాయన కట్టిస్తున్న ఇంట్లో ఒక గది అడిగి పెట్టుకుంది. మైకు ఆ గదిలో, కంప్యూటరు పక్క గదిలో. మధ్య గోడలోంచి వైరు.

రఘునాథ్ విసుక్కుంటూ లోపల్నించి ఇంకో చుట్ట తెచ్చాడు. నందిని కొస ఒలిచి చూసి, ఇదేనంది.

కొత్తింటికి చేరేసరికి, మైకు వైరు కోసం ఆమె గోడలో విడిగా కొట్టించిన గాడి సిమెంటుతో పూడ్చి ఉంది.

"మీ నాయనే పూడ్చమన్నాడు పాపా" అన్నాడు ఎలక్ట్రీషియన్ ధనంజయ. "వైర్లన్నీ ఆగ్నేయం మూల నుంచే రావాలని వాస్తు సూసే ఆయన చెప్పినాడంట. మైకుది గూడా కరెంటు పైపులోనే లాగేస్తా, ఇట్టియ్యి."

నందిని చుట్టను ఇవ్వలేదు. ఇసుక కుప్ప దగ్గరున్న తండ్రి ఏకాంబరం వైపు తిరిగింది.

"ఇది కరెంటుది కాదు నాయనా, నా గొంతు మోసకపోయే వైరు. కరెంటు పక్కన పెడితే ఆ మోతంతా దీంట్లోకి వస్తాదని మొన్న చెప్పినాను. నిన్న గూడా చెప్పినాను."

"వైరంటే వైరే గదమ్మా. ఆ వాస్తాయనకేం చెప్పేది? గృహప్రవేశం కానీ, సూద్దాం."

"రంగులేసినాక గోడ పగలగొట్టనిస్తావా?"

ఏకాంబరం వంగి ఇసుకలో రాళ్ళు ఏరసాగాడు.

"నా వైరు ఆ పైపులో పెట్టేది లేదు. నేల మీదనే లాక్కుంటా."

"కొత్తింట్లో వైరు కాళ్ళకు తగులుతుంటే వచ్చినోళ్ళు ఏమనుకుంటారు?"

"ఏందని అడుగుతారు. మీ వాస్తాయన చెప్తాడులే."

ధనంజయ మొహం పక్కకు తిప్పుకుని నవ్వాడు.

నందిని వైరు పరుచుకుంటూ గది దాకా వెళ్ళింది. తలుపు మూసి చూస్తే కింద వైరు దూరే సందు కూడా లేదు. తలుపు తెరిచి పెడితే కంప్యూటరు ఫ్యాను రొద లోపలికి వస్తుంది. వడ్రంగి వదిలి వెళ్ళిన రంపం అందుకుంది.

"టేకు తలుపమ్మా అది" అన్నాడు ఏకాంబరం గబగబా వస్తూ.

"గోడ ఇయ్యలేదు గదా నాయనా. ఊగకుండా పట్టుకో."

ఆయన గొణుక్కుంటూనే తలుపు పట్టుకున్నాడు. నందిని మోకాళ్ళ మీద కూర్చుని కింది మూల కోయడం మొదలుపెట్టింది.