ముందు వరుసలో మూడో పిల్ల

ఎల్నా చేతులు కడుక్కుని, తడి పూర్తిగా ఆరేదాకా ఆగి, అప్పుడు ఫోటో ముట్టుకుంది. ఇది పాలకేంద్రంగా ఉన్న రోజుల్లో ఇదే గదిలో ఆమె పాలక్యాన్లు కడిగేది. చాకలిసోడా నీళ్లకు పగిలిన ఆ వేళ్లు ఇప్పటికీ నున్నబడలేదు. పాలకేంద్రం మూతబడ్డాక ఊరివాళ్లు గదికి సున్నం వేసి, అరలు బిగించి, పాత ఫోటోలూ పెళ్లి టోపీలూ వెన్న తీసే పీపాలూ తెచ్చి నింపి, దానికి ఊరి చరిత్ర సేకరణ అని పేరు పెట్టారు. అప్పటికి ఎల్నా భర్త ఓగె పోయాడు. ఇంట్లో కూర్చుని చేసేదేముందని ఆమె మళ్లీ ఇక్కడికే రావడం మొదలుపెట్టింది. జీతం లేదు. కాఫీ ఉంది.

శనివారం బడికి నూరేళ్ల పండుగ. బడిపిల్లల పాత ఫోటో ఒకదాన్ని గోడంత పెద్దది చేసి, కింద అందరి పేర్లూ అచ్చువేసి వేలాడదీస్తారు. పేర్లు ఇవాళ సాయంత్రానికి ప్రెస్సుకు వెళ్లాలి. అన్నీ దొరికాయి, ఒక్కటి తప్ప. ముందు వరుసలో మూడో పిల్ల. కాళ్లకు వదులైన చెక్కబూట్లు, చెవుల మీదికి ఎవరో అడ్డదిడ్డంగా కత్తిరించిన జుట్టు. సరిగ్గా ఫోటో తీసేటప్పుడు తల కదిపింది కాబోలు, ముఖం అలికినట్టుంది. ఎడమచేతికి ఊలు తొడుగు ఉంది, కుడిచేతికి లేదు.

ఆ పిల్ల ఎల్నాయే.

కోపెన్‌హాగన్ అనాథాశ్రమం వాళ్లు ఆమెను ఈ ఊళ్లో లుండ్‌గోర్ అనే కమతానికి పంపారు. ఆ ఇంటివాళ్లు ఒక్క చలికాలం ఉంచుకుని, పిల్ల పనికి పీలగా ఉందని మరో జిల్లాకు తోలేశారు. చాలా ఏళ్ల తర్వాత, రైల్వేలో పనిచేసే ఓగెను చేసుకుని ఆమె ఈ ఊరికే కాపురానికి వచ్చింది. అందరూ కొత్తమనిషి అనుకున్నారు. మొదట్లో ఎవరైనా గుర్తుపడతారేమోనని రొట్టెల కొట్లో కావాలని కాసేపు నిలబడేది. ఎవరూ గుర్తుపట్టలేదు. ఓగెకు ఒకసారి చెప్పింది. "అలాగా," అన్నాడు ఓగె, ఇంకో బంగాళాదుంప వడ్డించుకుంటూ. ఆ తర్వాత ఆమె ఆ మాట ఎవరి దగ్గరా ఎత్తలేదు.

ఇప్పుడైనా నోరు విప్పి చెప్పొచ్చు కదా అంటే, సేకరణలో ఒక కట్టుబాటు ఉంది. ఎవరి ముఖం వాళ్లు చెప్పుకుంటే చెల్లదు, మరొకరు గుర్తుపట్టాలి. వెనకటికి, ఒక ఫోటోలో గుర్రం కళ్లెం పట్టుకున్న కుర్రాణ్ణి నేనంటే నేనని ఒక బావా బావమరిదీ ఈ బల్ల దగ్గరే కలబడి, చచ్చేదాకా మాట్లాడుకోలేదు. అప్పుడు పెట్టాడు వెర్నర్ ఆ నియమం. వెర్నర్ ఒకప్పటి పోస్ట్‌మాన్, ఇప్పుడు సేకరణకు పెద్ద.

"ఆ ఫోటో ఒకసారి థీరాకి చూపించరాదూ," అన్నాడు వెర్నర్. "ఆవిడకీ తెలియకపోతే ఇంక దేవుడికే తెలియాలి. చీకటిపడేలోగా వచ్చెయ్. ప్రెస్సువాడు నా ప్రాణం తోడేస్తున్నాడు."

"సరే," అంది ఎల్నా.

ఫోటోను రెండు అట్టల మధ్య పెట్టి, రొట్టెల సంచిలో దూర్చి, సైకిలెక్కింది. ఎదురుగాలి. దారి పొడుగునా ఆమె ఏమీ అనుకోలేదు. అనుకోకుండా ఉండడం ఆమెకు చిన్నప్పుడే అలవాటైంది.

థీరా వృద్ధాశ్రమంలో కిటికీ పక్కన కూర్చుని ఉంది. ఫోటోలో ఆమెది వెనక వరుస, అప్పటికే పెద్దపిల్ల. ఇప్పుడు ఒక కన్ను పూర్తిగా పోయింది. నోరు మాత్రం ఎక్కడికీ పోలేదు.

"కేకు తెచ్చావా? తేలేదూ! ఫోటోలైతే మోసుకొస్తారు," అంటూ భూతద్దం అందుకుంది. "ఇదిగో నేను. చూడవే, ఎంత పొగరుగా నిలబడ్డానో! వీడు మా పంతులు. వీడి చెయ్యి పడని చెంప లేదు ఊళ్లో."

భూతద్దం ముందు వరుసకు దిగింది. ఎల్నా చక్కెర గిన్నె వైపు చూస్తూ కూర్చుంది.

"ఇదా? లుండ్‌గోర్ వాళ్ల పిల్ల."

"వాళ్లకు పిల్లల్లేరుగా థీరక్కా."

"కన్నపిల్ల కాదులేవే. పశువుల దగ్గర పనికి ఎక్కడినుంచో తెచ్చుకున్నారు. దొంగమొహంది! ఆ తొడుగు నాది. చేతులు కొంకర్లుపోయి ఏడుస్తుంటే పోనీలే పాపమని, చెరొకటి వేసుకుందాం రమ్మన్నా. ఆ తొడుగుతోనే అదే పోత పోయింది. మా అమ్మ నన్ను చావగొట్టింది."

"పేరేమిటి ఆ పిల్లది?"

థీరా భూతద్దం దించి, మళ్లీ ఎత్తింది.

"లుండ్‌గోర్ ఆవిడ 'ఏయ్ పిల్లా' అని కేకేసేది. మేమూ అంతే. దాని పేరెవరడిగారే?"

'ఎల్నా కాదూ' అని ఒక్కమాట అందిస్తే చాలు, థీరా అవునవుననేది. కానీ ముసలివాళ్లకు పేర్లు అందించకూడదు, ఏది అందిస్తే దానికి తలూపుతారు అని సేకరణకు కొత్తగా వచ్చేవాళ్లకు నేర్పేది ఎల్నాయే. ఆమె చల్లారిన కాఫీ తాగేసి, ఫోటో సంచిలో పెట్టుకుంది.

"ఈసారి కేకు లేకుండా వచ్చావో, గడప తొక్కనివ్వను," అంది థీరా.

సేకరణ గదిలో వెర్నర్ కోటు వేసుకుని తయారుగా ఉన్నాడు. "తెలియదు అని వేసెయ్యమననా?"

"వెయ్యమను."

"పోనీలే, ఒక్కరేగా. ఏదైనా తేలితే పొద్దున్నే ఫోన్ చెయ్యి. అచ్చు మొదలుపెట్టకముందే చెబితే మారుస్తాడు."

ఇంటికొచ్చి బంగాళాదుంపలు ఉడకేసింది. ఉడుకుతుండగా పొయ్యి ఆపేసి, బల్లగుడ్డల సొరుగు అడుగు నుంచి తొడుగు తీసింది. బూడిదరంగు ఊలు, మణికట్టు దగ్గర తెల్ల చార. బొటనవేలు ఎల్నాయే ఒకసారి రఫ్ఫు చేసింది. దొంగతనమేమీ కాదు. మర్నాడు బడికి వెళ్లకముందే ఆమెను బండెక్కించారు, ఇచ్చే వీలెక్కడిది? తిరిగొచ్చాక ఇద్దామని ఎన్నిసార్లు అనుకుందో. ఇస్తే తనెవరో చెప్పాలి. వాళ్లే గుర్తుపట్టాలని పట్టుదల. పిచ్చి పట్టుదలే, ఆమెకూ తెలుసు. కానీ వస్తువు చూపించడం పేరు అందించడం కిందికి రాదు. ఇది చేతికి తగిలితే థీరా తనంతట తానే కేక పెడుతుంది. మళ్లీ సైకిలెక్కింది.

"పడుకున్నారండీ ఆవిడ," అంది వృద్ధాశ్రమంలో పనమ్మాయి. "ఇక్కడ పెట్టండి, పొద్దున్నే ఇస్తా. ఎవరిచ్చారని చెప్పను?"

ఆ మాట బయటివాళ్లతో అనడం ఎల్నాకు కొత్త.

"ఎల్నా ఇచ్చిందని చెప్పమ్మా. లుండ్‌గోర్ వాళ్ల పిల్ల."

"సరేనండీ," అంది ఆ అమ్మాయి. లోపలెక్కడో గంట మోగుతుంటే తొడుగు కిటికీగట్టు మీద పెట్టి అటు పరుగెత్తింది.

తెల్లారి ఎల్నా కేకు కొనుక్కుని బయల్దేరింది. వృద్ధాశ్రమం మలుపు తిరగగానే జెండా కనిపించింది. సగం కొయ్య దాకానే ఎగరేసి ఉంది, ఎవరో పోయారన్నమాట. అక్కడ చాలామంది ఉంటారు, ఎవరైనా కావచ్చు. కానీ ఆమె సైకిలు దిగి నడిచింది.

లోపల మరొకావిడ నేల తుడుస్తోంది. "థీరా గారా? తెల్లవారుజామున పోయారండీ. నిద్రలోనే."

"అలాగా," అంది ఎల్నా. ఏడుపు వస్తుందేమోనని చూసింది. రాలేదు. రావాల్సిన చోట ఏమీ లేదు. ఈపాటికి వెర్నర్ ఫోన్ కోసం చూసి చూసి, అచ్చు వేసుకోమని చెప్పేసి ఉంటాడు.

"అది మీదేనా?" తుడిచే ఆవిడ కిటికీ వైపు చూపించింది. "రాత్రి డ్యూటీ అమ్మాయి ఏమీ చెప్పకుండా పోయింది. ఎవరో మరిచిపోయినట్టున్నారు, ఒక్కటే ఉంది."

ఎల్నా దగ్గరికి వెళ్లి చూసింది. ముట్టుకోలేదు.

"నాది కాదమ్మా, థీరా గారిది."

కేకు అక్కడి బల్ల మీద పెట్టి, బడిలో కుర్చీలు సర్దే పని ఉందని వెళ్లిపోయింది. తుడిచే ఆవిడ కిటికీగట్టు కూడా తుడిచింది. గుమ్మం పక్కన మరిచిపోయిన వస్తువుల బుట్టలో, ఎవరివో కళ్లజోడూ తాళంచెవులూ ఉన్నచోట, బూడిదరంగు ఎడమచేతి తొడుగు బొటనవేలు పైకి పెట్టుకుని పడి ఉంది.