శవాల బండికి మైనం

గుడ్డను వేలికి చుట్టి, డబ్బాలోంచి కాస్త మైనం తీసి, డ్రైవరు తన బండి ముందు తలుపుకు గుండ్రంగా రాస్తున్నాడు. శవాల బండి. నల్లటి రంగు. రాసినచోటల్లా తెల్లగా మసకబారుతోంది. ఆరాక తుడిస్తే అద్దమే.

"పెళ్లికొడుకు ఎక్కుతాడా ఏంటి, ఆ నిగనిగలు?" గడపలో కూర్చుని ఆరిన బట్టలు మడతపెడుతూ అంది భార్య.

"మైనం లేకపోతే ఎండకు రంగు చచ్చిపోతుందే. పిట్ట రెట్ట వేసినా మచ్చ దిగిపోతుంది."

"చస్తే చచ్చింది. తెలియకూడనివి తెలియవు కదా."

ఆ బండ్లు తోలేవాళ్లలో ఒక మాట ఉంది. మెరిసే శవాల బండి, తాను త్వరలో మోయబోయే మనిషిని తనలో చూపించదట. అందుకే పాతవాళ్లు మైనం జోలికి పోరు. అతను మాత్రం నవ్వి కొట్టిపారేసేవాడు. ఏడ్చి వచ్చినవాళ్లు ఆ తలుపులో చూసుకునే మొహం తుడుచుకుంటారు, వాళ్లకోసమైనా మెరవాలి అనేవాడు.

ఆరిన మైనాన్ని తుడిచాడు. తలుపులో తన బట్టతల తేలింది. వెనక గోడ తేలింది, గడప తేలింది. గడపలో ఒక చొక్కా దానంతటదే గాలిలోకి లేచి, చేతులు ముడుచుకుని, దొంతర మీద వాలింది.

గిరుక్కున తిరిగాడు. భార్య అక్కడే ఉంది. ఇంకో చొక్కా దులుపుతోంది.

డబ్బాలో చెయ్యి పెట్టి, తుడిచిన తలుపంతా మళ్లీ దట్టంగా మెత్తేశాడు.

"అదేంటయ్యా, తుడిచినదానికే మళ్లీ పూస్తున్నావు?"

"ఎండలో రాశాను, చారలు కట్టింది. నువ్విటు రాకు, చీరకంటుతుంది."

"పిలవకుండా నీ బండి దగ్గరికి ఎవరొస్తారులే!"

"నీళ్లు పోసుకొస్తా. ఆస్పత్రికి పోయొద్దాం, తయారవ్వు."

"ఎవరికేమైందని?"

అతను లోపలికి పోయాడు.

స్నానం చేసి వచ్చేసరికి ఆమె కంచం పెట్టి ఉంచింది. "తిని పోదాం" అంది. ఎప్పుడూ లేనిది, అతను తిన్నంతసేపూ పక్కనే కూర్చుంది. "ఉప్పు పై అరలో పెట్టాను. ఇల్లంతా వెతకకు" అంది. "కాస్త నడుం వాలుస్తా, తర్వాత లేపు."

లేపాడు. లేవలేదు.

పొద్దు వాలుతుండగా ఇరుగుపొరుగు ఆమెను బయటికి తెచ్చారు. అతను బండి తీయబోయి ఆగిపోయాడు. ముందు తలుపు మీద గడ్డకట్టిన తెల్లటి పూతలో, సరిగ్గా ఆమె ఎత్తున, మొహమంత మేర ఎవరో తుడిచి ఉన్నారు. అందులోంచి అతని మొహమే అతన్ని చూస్తోంది.

కింద బండి మెట్టు మీద నాలుగు మడతలు పెట్టిన చేతిగుడ్డ ఒకటి ఉంది, మైనం అంటిన వైపు లోపలికి.